మురుగు బోదె, నానోవైరు, మా బాబాయి

మొన్న సార్వా ఊడుపులయ్యాక ఇంటికెళ్తే కోనసీమంతా ఒకటే వాన. మూడో రోజు కాస్త తెరిపిచ్చింది. బాబాయి లుంగీ ఎగ్గట్టి మురుగు బోదెలో దిగి గుర్రపుడెక్క లాగి పోస్తుంటే నేను గొడుగేసుకుని గట్టు మీద నిలబడ్డాను (సాయం చెయ్యలేదు, అవును). "ఇంతకీ నువ్వు చేసే పనేంట్రా?" అన్నాడు. నానోవైర్లని సన్న తీగలుంటాయి, వాటిల్లోంచి వేడి ఎలా బయటికి పోతుందో చూడ్డం అన్నాను. ఎంత సన్నం అంటే, వెంట్రుక మందంలో పక్కపక్కన ఏడెనిమిది వందలు పట్టేంత. "అంత దాంట్లో వేడేంట్రా!" అని నవ్వాడు.

అడగాల్సిన ప్రశ్నే అది. నియోబియం నైట్రైడ్ అనే పదార్థాన్ని ఐదు నానోమీటర్ల పల్చటి పొరగా వేసి, వంద నానోమీటర్ల వెడల్పు తీగగా చెక్కి, నాలుగు కెల్విన్ల లోపు (అంటే సున్నాకి సుమారు 269 సెల్సియస్ డిగ్రీల కింద) చల్లబరిస్తే అది సూపర్‌కండక్టర్, కరెంటుకి అడ్డే ఉండదు. కానీ దాని ఒంట్లో వేడి దాచుకునే చోటు ఎంత తక్కువంటే, ఒక్క ఫోటాన్, అంటే ఒక్క వెలుగు కణం, వచ్చి పడినా చాలు, ఆ చోట సూపర్‌కండక్టివిటీ పోయి చిన్న హాట్‌స్పాట్ పుడుతుంది, తీగకి టక్కున రెసిస్టెన్స్ వస్తుంది, మనకో వోల్టేజ్ పల్సు కనిపిస్తుంది. 2001లో మాస్కోలో గోల్ట్స్‌మన్ బృందం చూపించింది ఇదే. ఇప్పుడు ఒక్కొక్క ఫోటానూ లెక్కపెట్టాలంటే చాలామంది వీటినే వాడుతున్నారు.

పల్సు వచ్చింది సరే, ఆ వేడి పోయేదెటు? కరెంటుని అంత దర్జాగా మోసేది వేడినీ మోసేస్తుంది అనుకుంటాం. మోయదు. ఆ కరెంటుని మోసే ఎలక్ట్రాన్ జంటలు వేడిని అస్సలు ముట్టుకోవు. అందుకని తీగ పొడుగునా పోయేది కొంచెమే, మిగతాదంతా కిందున్న సబ్‌స్ట్రేట్‌లోకి, అంటే తీగని వేసిన పలకలోకి, దిగాల్సిందే. రెండు పదార్థాలు కలిసే ఆ హద్దు దగ్గరే వేడి తడబడుతుంది. ద్రవ హీలియం విషయంలో ఇలాంటి అడ్డునే కపిట్జా అనే రష్యన్ భౌతిక శాస్త్రవేత్త 1941లోనే కొలిచాడు. బాబాయి భాషలో చెప్పాలంటే, హద్దు నిండా గుర్రపుడెక్క.

దీనితో నాకో దెబ్బ తగిలింది. ఫోటాన్లని పట్టే ఈ తీగే మా డిటెక్టర్, అది ఇంకా వేగంగా తేరుకోవాలని తీగకి వరసలో ఓ రెసిస్టర్ తగిలించాను. పల్సులు ఆగిపోయాయి! తీగలో మేం ఎప్పుడూ నడిపే కరెంటుని (బయాస్ కరెంటు) సున్నాకి తెచ్చి మళ్ళీ పెంచితే ఒక్క పల్సు వచ్చి మొండికేసేది, మీటర్ చూస్తే కదలని వోల్టేజ్. రెండు రోజులు యాంప్లిఫైర్‌ని తిట్టుకుంటూ కేబుళ్ళు మార్చాను. జరిగిందేంటంటే, రెసిస్టెన్స్ రాగానే తీగలోంచి పక్కకి తప్పుకున్న కరెంటు, హాట్‌స్పాట్ చల్లారకముందే వెనక్కొచ్చేస్తోంది, వచ్చి అక్కడే మళ్ళీ వేడి పుట్టిస్తోంది, అలా ఆ మంట తనని తనే పోషించుకుంటోంది. దీన్ని లాచింగ్ అంటారు.

అప్పుడు నాకు తట్టిన తెలివి, ఫ్రిజ్‌ని ఇంకా చల్లబరుద్దామని. నాలుగు నుంచి రెండున్నర కెల్విన్లకి దించాను, ఏం మారలేదు. తర్వాత కాగితం మీద లెక్కేస్తే సిగ్గేసింది. హద్దు దాటే వేడి, ఉష్ణోగ్రతల నాలుగో ఘాతాల తేడాని బట్టి ఉంటుంది, హాట్‌స్పాట్ ఏమో పది కెల్విన్ల దగ్గరుంది. పదికి నాలుగో ఘాతం పదివేలు, నాలుగుకి 256, రెండున్నరకి 39. పదివేలలోంచి 256 తీసేస్తే ఎంత, 39 తీసేస్తే ఎంత? రెండు శాతం తేడా, అంతే. రెసిస్టర్ పీకేశాక మామూలైంది. ఇప్పుడు నా పనంతా ఆ హద్దు మీదే, అంటే ఏ సబ్‌స్ట్రేట్ మీద వేస్తే తీగలోంచి వేడి త్వరగా దిగుతుందా అని.

ఇదంతా చెప్తుంటే బాబాయి డెక్క లాగడం ఆపి విన్నాడు. బోదె శుభ్రమైంది, నీళ్ళు మాత్రం కదలట్లేదు. "సముద్రం పోటు మీదుందిరా, పాటొచ్చేదాకా ఇది లాగదు. మీ తీగలకి ఈ బాధుందా?" అన్నాడు.

లేదు బాబాయ్, మా సముద్రం చాలా కిందుంటుంది అన్నాను.

"అదృష్టవంతులు" అని పార భుజానేసుకుని టీకి బయల్దేరాడు.