పోల్ లోపలా, బయటా: కాంప్లెక్స్ అనాలిసిస్‌ను ఇంజనీరింగ్ సబ్జెక్టులతో కలిపి చదివిన అనుభవం

కాంప్లెక్స్ అనాలిసిస్‌ను, అంటే సంకీర్ణ సంఖ్యల ఫంక్షన్ల అధ్యయనాన్ని, గణితంలో ఒక విడి అధ్యాయంగా ముగించి పక్కన పెట్టకుండా, సిగ్నల్స్, కంట్రోల్ సిస్టమ్స్ సబ్జెక్టులతో కలిపి ఒకే విడతలో చదవడం నా ప్రిపరేషన్‌లో అన్నిటికన్నా ఎక్కువగా ఉపయోగపడింది. ఈ మూడింటిలోనూ తరచూ తేల్చవలసింది ఒకటే: పోల్స్ (ఫంక్షన్ విలువ అనంతమయ్యే బిందువులు) ఎక్కడున్నాయి, వాటిలో కాంటూర్ (మనం ఎంచుకున్న మూసిన వక్రం) లోపల పడేవి ఏవి?

1/(5 + 4 కాస్ థీటా)ను సున్నా నుంచి 2పై వరకు ఇంటిగ్రేట్ చేయమన్నారనుకోండి. యూనిట్ సర్కిల్ మీద, అంటే ఇక్కడి కాంటూర్ అయిన 1 వ్యాసార్ధపు వృత్తం మీద, కాస్ థీటాకు బదులు జెడ్, 1/జెడ్‌ల మొత్తంలో సగాన్ని ప్రతిక్షేపిస్తే హారంలో 2జెడ్² + 5జెడ్ + 2 వస్తుంది. దాని మూలాలు −1/2, −2; పోల్స్ ఇవే. రెండోది వృత్తానికి బయట ఉంది కనుక దాని జోలికి పోనక్కరలేదు. మొదటిదాని దగ్గర రెసిడ్యూ (ఇంటిగ్రల్‌లో ఆ పోల్ వాటాను తేల్చే గుణకం) 1/3, దాన్ని 2పైతో గుణిస్తే జవాబు 2పై/3. తొందరలో రెండు పోల్స్‌నూ లెక్కలోకి తీసుకుంటే రెసిడ్యూలు 1/3, −1/3 కొట్టుకుపోయి సున్నా వస్తుంది. ఎప్పుడూ ధనాత్మకంగా ఉండే ఫంక్షన్‌కు అది అసాధ్యమని గమనిస్తే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది.

ఫీడ్‌బ్యాక్ యాంప్లిఫయర్ల (ఔట్‌పుట్‌లో కొంత తిరిగి ఇన్‌పుట్‌కు చేరేవి) స్థిరత్వంపై ఇంజనీర్ హ్యారీ నైక్విస్ట్ 1932లో ప్రచురించిన పద్ధతిలో ఈ కాంటూర్ కుడి అర్ధతలం మొత్తాన్ని చుట్టేంత పెద్దదవుతుంది; క్లోజ్డ్ లూప్ (ఫీడ్‌బ్యాక్ కలిపిన) సిస్టమ్ పోల్ ఒక్కటి అందులో పడినా సిస్టమ్ అస్థిరమే. ఓపెన్ లూప్ (ఫీడ్‌బ్యాక్ కలపకముందు) ఫంక్షన్ కే/(ఎస్ − 1) అయితే కుడివైపు ఒక పోల్ ఉంటుంది; ఎస్ కాంటూర్ వెంట కదిలేటప్పుడు ఈ ఫంక్షన్ విలువలు గీసే నైక్విస్ట్ ప్లాట్ −కే నుంచి మూలబిందువు వరకు వ్యాసంగా గల వృత్తం. కే విలువ 1 దాటితే అది −1 బిందువును అపసవ్య దిశలో ఒకసారి చుడుతుంది; ఈ చుట్లు కుడివైపు ఓపెన్ లూప్ పోల్స్ సంఖ్యకు సమానం కాబట్టి క్లోజ్డ్ లూప్ సిస్టమ్ స్థిరంగా ఉంటుంది. క్లోజ్డ్ లూప్ పోల్ 1 − కే అని నేరుగా కట్టి చూసినా ఇదే తేలుతుంది. ఇలా చేత్తో సరిచూసుకోగల చిన్న ఉదాహరణలతో మొదలుపెట్టండి. చుట్లను కొన్ని పుస్తకాలు సవ్య దిశలో, కొన్ని అపసవ్య దిశలో ధనాత్మకంగా లెక్కిస్తాయి కనుక ఒక పద్ధతినే ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడండి.

వృత్తాన్ని విమానపు రెక్క ఆకారంగా మార్చే జుకోవ్‌స్కీ ట్రాన్స్‌ఫర్మేషన్ ఎంతో అందమైనదే గానీ, సమయం తక్కువైతే కోషీ–రీమాన్ సమీకరణాలతో (కాంప్లెక్స్ ఫంక్షన్ రియల్, ఇమాజినరీ భాగాలను కలిపే షరతులు) ద్రవ ప్రవాహపు పొటెన్షియల్ నుంచి స్ట్రీమ్ ఫంక్షన్‌ను (ప్రవాహ రేఖలను ఇచ్చేది) రాబట్టడం వరకే సాధన చేస్తే చాలునని నా అభిప్రాయం.

పోల్ సరిగ్గా కాంటూర్ మీదే పడే సందర్భానికి మాత్రం ప్రత్యేకంగా సమయం కేటాయించాలి. లూప్‌లో ఒక ఇంటిగ్రేటర్ (1/ఎస్ పదం) ఉంటే మూలబిందువు దగ్గర పోల్ ఉంటుంది; కాంటూర్‌ను అక్కడ చిన్న అర్ధవృత్తంతో కుడివైపుగా తప్పించాలి. ఆ చిన్న అర్ధవృత్తమే నైక్విస్ట్ ప్లాట్‌లో అనంత వ్యాసార్ధంతో సవ్య దిశలో 180 డిగ్రీలు తిరుగుతుంది. దీన్ని గీయకుండా వదిలేస్తే ప్లాట్ మూసుకోదు, అప్పుడు చుట్లు లెక్కపెట్టడానికే వీలుండదు.