మంచం కింద గోడౌన్

ఎస్వీ ఆర్ట్స్ కాలేజీలో నన్ను పేరు పెట్టి పిలిచినవాళ్లు తక్కువ. "బెల్లం వచ్చిందా?" అని అడిగినవాళ్లే ఎక్కువ.

పాకాల పక్కన మాది రెండెకరాల చెరుకు. సంక్రాంతి ముందు గానుగ మొదలైతే మార్చి దాకా నాకు ఒకటే పని. శనివారం ఊరికి పోవడం, ఆదివారం రాత్రి ముప్పై కిలోల గోతాంతో తిరుపతిలో దిగడం. బైరాగిపట్టెడ గదిలో మంచం కిందే గోడౌన్. లెక్చరర్ల ఇళ్లకూ, రెండు టీకొట్లకూ, ఇంటి ఓనరమ్మకూ వేసేవాణ్ణి. చిత్తూరు మండీ ధర మీద కిలోకి రూపాయిన్నర మిగిలేది. మెస్ బిల్లు దాంతోనే గడిచేది.

మా బెల్లం నలుపు. పాకంలో హైడ్రోస్ అని రంగు తేల్చే మందు వేస్తే పచ్చగా నిగనిగలాడుతుంది, మండీలో ధరా పలుకుతుంది. నాయన వెయ్యనిచ్చేవాడు కాదు. ఇప్పుడు అదే నలుపుకి ఆర్గానిక్ అని పేరు పెట్టి రెట్టింపు ఇస్తున్నారు. చూడ్డానికి నాయన లేడు.

ఆ రంగే నా కొంప ముంచింది. సారా 1993 అక్టోబరులోనే బంద్ అయింది. 1995 జనవరి 16 నుంచి మద్యం మొత్తం బంద్. దొంగచాటుగా సారా కాచేవాళ్లకు కావలసింది నల్లబెల్లమే. ఆ నెలాఖరున దారిలో బస్సు ఆపి, ఒక కానిస్టేబుల్ నా గోతాం దించేశాడు.

"ఏం చదువుతా ఉండావు?"

"బీకాం సార్."

"బీకాంకి ఇంత బెల్లమెందుకురా?"

బస్సంతా నన్ను సారా బట్టీవాణ్ణి చూసినట్టు చూసింది. ఐడీ కార్డు చూపించా. ఆయన దాన్ని చూడనేలేదు. ఒక ముక్క నోట్లో వేసుకుని, బాగుందని, రెండు ఉండలు తీసి పెట్టుకున్నాడు. కిలో దాకా ఉంటుంది.

మా కాస్ట్ అకౌంట్స్ సార్ అప్పుడు ప్రాసెస్ కాస్టింగ్ చెప్తున్నారు, అంటే సరుకు తయారయ్యే ఒక్కో దశలో ఖర్చూ నష్టమూ లెక్కకట్టడం. ఎలాగూ పోయేది నార్మల్ లాస్, మిగిలిన సరుకే దాన్ని మోయాలి. అనుకోకుండా పోయేది అబ్నార్మల్, అది లాభనష్టాల ఖాతాకి పోతుంది. "ఏదీ, నీ బెల్లం లెక్క వెయ్యి" అన్నారు. చెమ్మకు కారిందీ, చీమలు తిన్నదీ, చీమల కంటే ఎక్కువగా రూమ్మేట్లు తిన్నదీ నార్మల్‌లో వేశాను. కానిస్టేబుల్ ఉండలు అబ్నార్మల్‌లో.

"వచ్చే ఆదివారం అక్కడ ఉంటాడా?"

"రెండు వారాలుగా ఉన్నాడు సార్."

"అయితే అదీ నార్మలే. ధరలో కలుపు."

కిలోకి పావలా పెంచాను. పెరిగిన ధర మొదట కట్టింది ఆ సారే.