ఆధార్‌లో ఇంకా నరసన్నపేటే

ఆదివారం. లేచేసరికి కరెంటు లేదు. కాఫీ గ్లాసుతో మేడ ఎక్కాను. ఉత్తరం వైపంతా శేషాచలం కొండలే. ఎండ తగలగానే రాతిగోడ ఎర్రబడుతుంది. తిరుపతికి వచ్చి మూడు నెలలు. కొండను రోజూ చూస్తున్నాను, ఒక్కసారీ ఎక్కలేదు.

ఈ మాట శ్రీకాకుళం జిల్లాలోని మా నరసన్నపేటలో ఎవరూ నమ్మరు. రోజూ దర్శనం చేసుకుని ఆఫీసుకెళ్తున్నాననే వాళ్ల లెక్క. "నువ్వక్కడే ఉన్నావు కదే, ఓ నాలుగు టికెట్లు చూడు" అని వారానికో ఫోన్. 300 రూపాయల టికెట్లు ఆన్‌లైన్‌లోనే తీసుకోవాలి, మీకెంతో నాకూ అంతే అంటే, తప్పించుకుంటున్నాననుకుంటారు. నెలలో మొదటి మంగళవారం స్థానికులకు విడిగా దర్శనం ఉంది, నిజమే. దానికి ఆధార్‌లో ఇక్కడి అడ్రస్ ఉండాలి. నాదింకా నరసన్నపేటే. మార్చుకోవచ్చు. ప్రతి ఆదివారం అనుకుంటాను, సాయంత్రానికి మర్చిపోతాను. మర్చిపోతున్నానో, మార్చబుద్ధి కావట్లేదో!

పదింటికి కూరగాయల బండి వచ్చింది. మొదట్లో ఈ బండి దగ్గరే నాకు తెలుగు రాదేమో అనిపించింది. ఉల్లిపాయలు ఎర్రగడ్డలు, వెల్లుల్లి తెల్లగడ్డలు, బంగాళాదుంపలు ఉర్లగడ్డలు. అన్నీ గడ్డలే! ఇవాళ "అరకేజీ ఎర్రగడ్డలు" అని తడుముకోకుండా అడిగాను. ఆయనకు అదేం విశేషం కాదు కదా, తూచి సంచిలో వేశాడు. "పచ్చి చెనిక్కాయలుండాయి, ఉడకేసుకుంటారా మేడమ్?" అన్నాడు. చెనిక్కాయలంటే వేరుశనగలే, అవీ తీసుకున్నాను. ఉడుకుతుంటే గదంతా తడిమట్టి వాసన.

మధ్యాహ్నం కింద ఓనరాంటీ సంగటి ముద్ద, చెనిక్కాయల పచ్చడి, అదే ఊరిబిండి, పెట్టింది. నేను తింటుంటే చూసి ఒకటే నవ్వు. "నమల్తా ఉండావేందమ్మా, సంగటి మింగాల!" మూడు నెలలైనా అది చేతకాలేదు. రెండో ముద్ద నెమ్మదిగా మింగితే గొంతులో అడ్డం పడి, నీళ్లు తాగాల్సొచ్చింది.

సాయంత్రం చెప్పులు కొందామని స్టేషన్ వైపు వెళ్లాను. గుండ్లు, లడ్డూ కవర్లు, సంచుల మీద నిద్రపోతున్న పిల్లలు. ఆటోవాళ్లు "అలిపిరికా మేడమ్?" అంటూనే ఉన్నారు. ఇంతలో వెనక నుంచి ఓ పెద్దాయన గొంతు.

"అమ్మా, అలిపిరికి ఎలగెల్లాలి?"

ఎలగ! ఆ మాట విని ఎన్నాళ్లయిందో. పక్కన ఆయన భార్య, చంకలో సంచి. ఎదురుగా ఉన్న బస్సు చూపించి, "ఇది ఎక్కండి, అలిపిరిలో నిలుస్తాది" అన్నాను. నిలుస్తాది అట! మా వాళ్లు కనిపించినప్పుడే ఈ ఊరి మాట నోటికి రావాలా?

"మీదే ఊరండీ?"

"ఆమదాలవలస దగ్గర."

మాది నరసన్నపేట అనబోయేసరికి కండక్టర్ తొందరపెట్టాడు. ఇద్దరూ ఎక్కేశారు. బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాను. చెప్పులు కొనలేదు.

గదికొచ్చి అమ్మకు ఫోన్ చేశాను. ఉడికిన చెనిక్కాయలు ఒలుచుకుంటూ అరగంట మాట్లాడాను, అంతా మా యాసలోనే. పెట్టేయబోతుంటే అడిగింది:

"అన్నట్టు, టికెట్ల సంగతేటయిందే?"