స్కానర్‌కి డ్రైవర్ వెతికే ముందు నోట్‌ప్యాడ్ తెరవండి

గుంటూరు పట్నం బజార్, బ్రాడీపేట షాపుల నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకేలా మొదలవుతాయి. "బాబూ, కొత్త బార్‌కోడ్ గన్ను తెచ్చాం, లైటు వస్తోంది, బీప్ అంటోంది, బిల్లులో మాత్రం ఐటమ్ పడట్లేదు. డ్రైవర్ సీడీ కూడా ఇవ్వలేదు వాడు." సీడీ మాట వినగానే నాకు అర్థమైపోతుంది, ఈపాటికి ఆ షాపులో ఎవరో ఒక కుర్రాడు గూగుల్లో వెతికి, మొదట కనపడ్డ సైటు నుంచి ఏదో డ్రైవర్ అప్‌డేటర్ దించేసి ఉంటాడని. దానివల్ల స్కానర్‌కి ఒరిగేదేమీ ఉండదు. సిస్టమ్ స్లో అవుతుంది, రోజుకో పాపప్ వచ్చి డబ్బులు కట్టమంటుంది, అంతే.

అసలు సంగతి ఏంటంటే, యూఎస్‌బీ కేబుల్‌తో వచ్చే మామూలు స్కానర్‌ని కంప్యూటర్ కీబోర్డుగానే చూస్తుంది. బార్‌కోడ్ చదవడం, అంకెలుగా మార్చడం అంతా స్కానర్ లోపలే జరిగిపోతుంది, బయటికి వచ్చేది మనం టైపు చేసినట్టు వచ్చే అక్షరాలే. డ్రైవర్ అంటే పరికరంతో మాట్లాడటానికి విండోస్ వాడే చిన్న ప్రోగ్రామ్. కీబోర్డు డ్రైవర్ విండోస్‌లో ముందే ఉంటుంది కాబట్టి ప్లగ్ చేసిన కొన్ని సెకన్లకి డివైస్ మేనేజర్‌లో (కంప్యూటర్‌కి తగిలించిన పరికరాల్ని విండోస్ చూపించే జాబితా) కీబోర్డుల కింద ఇంకో 'హెచ్‌ఐడీ కీబోర్డ్ డివైస్' చేరుతుంది. ఇంక వేయాల్సిన డ్రైవరంటూ ఏదీ లేదు. దీనికే 'డ్రైవర్ ఇన్‌స్టలేషన్' అని విడిగా డబ్బులు గుంజేవాళ్లు ఉన్నారు, వాళ్ల గురించి ఇక్కడ ఎందుకులెండి.

అందుకే నేను ఫోన్లోనే అడుగుతాను, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ మూసేసి నోట్‌ప్యాడ్ తెరవండి, చేతికందిన బిస్కెట్ ప్యాకెట్ తీసి కొట్టండి అని. 890తో మొదలయ్యే 13 అంకెలు పడి, కర్సర్ కింది లైనుకి దిగాలి. (890 అంటే ఆ నంబరు బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే సంస్థ జీఎస్1 ఇండియా దగ్గర రిజిస్టర్ చేసిందని అర్థం, సరుకు ఇక్కడే తయారైందని కాదు. వాట్సాప్‌లో తిరిగే మెసేజీలు నమ్మకండి.) అంకెలు సరిగ్గా పడి కర్సర్ దిగిందంటే స్కానర్ బంగారంలా ఉన్నట్టే, గొడవ సాఫ్ట్‌వేర్‌లో ఉంది. ఆ ఐటమ్‌కి బార్‌కోడ్ నంబరు ఎక్కించి ఉండరు, లేదంటే కర్సర్ బార్‌కోడ్ గడిలో కాకుండా ఇంకెక్కడో ఉండి ఉంటుంది.

అంకెలు పడి కర్సర్ మాత్రం అక్కడే ఉండిపోతే స్కానర్ చివర్లో ఎంటర్ కొట్టడం లేదన్నమాట. పెట్టెలో వచ్చిన చిన్న బుక్‌లెట్‌లో ఎంటర్ సఫిక్స్ (నంబరు చివర్లో ఎంటర్ తగిలించే సెట్టింగ్) కలిపే బార్‌కోడ్ ఉంటుంది, దాన్ని ఒకసారి స్కాన్ చేస్తే సరి. ఇంగ్లీషులో దాన్ని క్యారేజ్ రిటర్న్ అని రాస్తారు. జాగ్రత్త, పక్కనే లైన్ ఫీడ్ (కొత్త లైనుకి దించే ఇంకో గుర్తు) కూడా కలిసిన కోడ్ ఇంకోటి ఉంటుంది. ఇప్పుడు చాలా షాపులు క్రోమ్‌లోనే బిల్లులు కొడుతున్నాయి కదా, అలాంటి చోట స్కాన్ చేసినప్పుడల్లా డౌన్‌లోడ్స్ పేజీ తెరుచుకుంటోందంటే కారణం ఇదే. కొన్ని స్కానర్లు లైన్ ఫీడ్‌ని కంట్రోల్ జె గా పంపుతాయి, క్రోమ్‌లో ఆ షార్ట్‌కట్ డౌన్‌లోడ్స్‌ది. వైరస్ అనుకుని సిస్టమ్ ఫార్మాట్ చేయించిన షాపు కూడా ఉంది. సఫిక్స్ మార్చేసరికి ఆగిపోయింది.

విజయవాడ వస్త్రలతలో ఒక చీరల షాపులో చూసిన తమాషా చెప్పాలి. వాళ్ల సొంత లేబుళ్ల మీద ఎస్, ఆర్ అని రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఆ తర్వాత నంబరు ఉంటాయి. ఒక రోజు ఉన్నట్టుండి స్కాన్ చేస్తే తెరమీద 'ఏఈ1045' అని పడటం మొదలైంది, చూడ్డానికి కరెంటాఫీసు ఏఈ గారి ఫైలు నంబరులా ఉంది. "అన్నా, గన్నుకి తెలుగు వచ్చేసింది" అని కౌంటర్‌లో అమ్మాయి ఒకటే నవ్వు. ఎవరో పండగ ఆఫర్ బోర్డు టైపు చేయడానికి విండోస్‌లో తెలుగు కీబోర్డు పెట్టుకుని అలాగే వదిలేశారు. స్కానర్ 'ఎస్ కీ నొక్కాను' అని మాత్రమే చెబుతుంది, ఆ కీకి ఏ అక్షరం వేయాలో తేల్చేది విండోస్. ఇన్‌స్క్రిప్ట్ అనే ఆ తెలుగు కీబోర్డులో షిఫ్ట్‌తో ఎస్ కొడితే ఏ, ఆర్ కొడితే ఈ. విండోస్ బటన్, స్పేస్ బార్ కలిపి నొక్కితే మళ్లీ ఇంగ్లీషుకి వచ్చేసింది. కిరాణా కొట్లలో ఈ బాధ బయటపడదు, వాళ్లవన్నీ అంకెలే కాబట్టి. క్యాప్స్ లాక్ పడి ఉన్నా ఇలాంటి తిక్కే, చాలా స్కానర్లలో పెద్దక్షరాలు చిన్నవైపోతాయి, సాఫ్ట్‌వేరేమో ఐటమ్ లేదంటుంది.

ఇంకో రకం ఉంది. నోట్‌ప్యాడ్‌లో ఏమీ పడదు, బీప్ మాత్రం వస్తుంది. అప్పుడు స్కానర్ కీబోర్డు మోడ్‌లో లేదని అర్థం. డివైస్ మేనేజర్‌లో పోర్టుల కింద కామ్ 3 అనో కామ్ 5 అనో కనిపిస్తే వర్చువల్ కామ్ మోడ్‌లో ఉంది, అంటే కీబోర్డులా కాకుండా పాత సీరియల్ పోర్టులా పంపుతోంది. 'పీఓఎస్ బార్‌కోడ్ స్కానర్' అని విడిగా కనిపిస్తే హెచ్‌ఐడీ పీఓఎస్ మోడ్, అంటే బిల్లింగ్ కౌంటర్ల కోసం చేసిన పద్ధతి. ఈ రెండోదానికి విండోస్ 10 నుంచి డ్రైవర్ లోపలే ఉంది, కాకపోతే ఆ పద్ధతిలో చదివేలా రాసిన సాఫ్ట్‌వేర్ ఉండాలి. మామూలు బిల్లింగ్‌కి ఇవేవీ అక్కర్లేదు, బుక్‌లెట్‌లో యూఎస్‌బీ కీబోర్డ్ కోడ్ కొట్టి బయటపడండి.

అలాగని కామ్ మోడ్ దండగ అనను. కీబోర్డు మోడ్‌లో ఒక ప్రమాదం ఉంది, సాయంత్రం రద్దీలో కర్సర్ క్వాంటిటీ గడిలో ఉండగా గన్ను నొక్కితే 13 అంకెల నంబరు అక్కడ పడి, సబ్బు బిల్ల బిల్లు లక్షల కోట్లకి చేరుతుంది. కామ్ మోడ్‌లో అయితే సాఫ్ట్‌వేర్ నేరుగా పోర్టు నుంచే చదువుకుంటుంది, కర్సర్ ఎక్కడున్నా పట్టింపు లేదు. డ్రైవర్ అవసరం నిజంగా పడితే ఇక్కడే. జీబ్రా, హనీవెల్, డేటాలాజిక్ లాంటివైతే వాళ్ల సైట్లలోనే దొరుకుతుంది, మోడల్ నంబరు స్కానర్ అడుగున స్టిక్కర్ మీద ఉంటుంది. పేరు లేని చవక గన్ను అయితే డివైస్ మేనేజర్‌లో ప్రాపర్టీస్, డీటెయిల్స్, హార్డ్‌వేర్ ఐడీలు చూడండి. వీఐడీ (తయారీ కంపెనీ గుర్తింపు నంబరు) దగ్గర 067బీ ఉంటే ప్రొలిఫిక్ చిప్, 1ఏ86 ఉంటే సీహెచ్ 340 లాంటివి చేసే చైనా కంపెనీది. చిప్ తెలిస్తే డ్రైవర్ ఆ చిప్ కంపెనీ సైటులోనే తీసుకోవచ్చు, దారిన పోయే సైట్లు అక్కర్లేదు.

ప్రొలిఫిక్ అన్నాను కాబట్టి వాళ్ల పీఎల్ 2303 చిప్ గురించి కూడా. పాత సీరియల్ గన్నుకి కన్వర్టర్ కేబుల్ తగిలించి వాడేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ కేబుల్లో పాత రకం చిప్ ఉంటే విండోస్ 10లో పసుపు త్రికోణం, కోడ్ 10 ఎర్రర్. కొత్త డ్రైవర్ వేస్తే ఆ చిప్‌ని 2012 నుంచే ఆపేశామని డివైస్ పేరు దగ్గరే రాసి చూపిస్తుంది. పాత డ్రైవర్ వెతికి వేస్తే పని చేయొచ్చు, కానీ విండోస్ అప్‌డేట్ వచ్చి దాన్ని మళ్లీ మార్చేస్తే మొదటికొస్తుంది. నా మాట విని కొత్త కేబుల్ కొనుక్కోండి, ఆ తలనొప్పికి కేబుల్ ఖరీదే తక్కువ.

డ్రైవర్ పడ్డాక కూడా చదవకపోతే మొదట పోర్టు నంబరు చూడండి. ఊడ్చేటప్పుడు కేబుల్ పీకి పక్క పోర్టులో పెట్టారనుకోండి, నిన్నటి కామ్ 3 ఇవాళ కామ్ 5 అయి కూర్చోవచ్చు, సాఫ్ట్‌వేరేమో ఇంకా 3 దగ్గరే ఎదురుచూస్తూ ఉంటుంది. పోర్టు సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్‌లోకి వెళ్లి నంబరు మార్చవచ్చు. ఒక పోర్టుని ఒకసారికి ఒక ప్రోగ్రామే తెరవగలదు కాబట్టి టెస్టింగ్ కోసం తెరిచిన టూల్ మూయకపోతే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ 'యాక్సెస్ డినైడ్' అంటుంది. సీరియల్ గన్ను అయితే బాడ్ రేటు (డేటా పంపే వేగం) రెండు వైపులా ఒకటే ఉండాలి, చాలావాటిలో 9600.

పెద్ద సూపర్ మార్కెట్ల సాఫ్ట్‌వేర్‌లో ఓపీఓఎస్ అని, కౌంటర్ పరికరాల్ని సాఫ్ట్‌వేర్‌తో కలిపే ఇంకో పొర ఉంటుంది. అక్కడ పేచీ రెండు చోట్ల వస్తుంది. స్కానర్‌కి పెట్టిన లాజికల్ పేరు సాఫ్ట్‌వేర్‌లో రాసిన పేరుతో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఆ డ్రైవర్లు ఎక్కువగా 32 బిట్‌వి, 64 బిట్ ప్రోగ్రామ్‌లో వాటిని లోడ్ చేయడం కుదరదు.

పొద్దున్నే షట్టర్ ఎత్తి మొదటి ఐటమ్ కొడితే చదవడం లేదు, పీకి పెడితే చదువుతోంది అంటే యూఎస్‌బీ పవర్ సేవింగ్ అయ్యుండొచ్చు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ పవర్ మేనేజ్‌మెంట్‌లో టిక్కు తీసేసి చూడండి.

స్కానర్ మీద పడే నిందల్లో ఎక్సెల్ వాటా కూడా ఉంది. ఐటమ్ లిస్టు ఎక్సెల్లో తెరిస్తే 13 అంకెల నంబరు 8.90 పక్కన ఈ, ప్లస్, 12 అన్నట్టు కనిపిస్తుంది. అలాగే సీఎస్‌వీ (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు)గా సేవ్ చేసి సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే అసలు నంబరు పోయినట్టే. సున్నాతో మొదలయ్యే విదేశీ చాక్లెట్ల కోడ్లలో ముందు సున్నా ఎగిరిపోతుంది. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టుకుని అప్పుడు దించుకోవాలి.

ఇక ఆ బుక్‌లెట్. దాన్ని పెట్టెతో పాటు పారేస్తారు, లేదంటే పిల్లల చేతికిస్తారు. అరండల్‌పేటలో ఒక ఫ్యాన్సీ షాపులో ప్రతి ఐటమూ '*()' తో మొదలవుతోంది. చూస్తే వాళ్ల బుడ్డోడు ఆడుకుంటూ బుక్‌లెట్‌లో ఫ్రెంచ్ కీబోర్డు కోడ్ కొట్టేశాడు. ఫ్రెంచ్ కీబోర్డులో అంకెలకి షిఫ్ట్ నొక్కాలి, మన విండోస్‌లో షిఫ్ట్‌తో 8, 9, 0 నొక్కితే వచ్చేవి ఆ మూడు గుర్తులే. ఫ్యాక్టరీ డిఫాల్ట్ కోడ్, తర్వాత యూఎస్‌బీ కీబోర్డ్, తర్వాత ఎంటర్ సఫిక్స్, ఈ వరసలో కొడితే అంతా మామూలైంది. కొట్టేటప్పుడు పక్క కోడ్లని చేత్తో మూయండి, లేకపోతే గన్ను పక్కదాన్ని చదివేస్తుంది. ఆ పేజీలకి ఫోన్లో ఫొటో తీసి ఉంచుకోండి, ప్రింటు తీసుకుంటే పనికొస్తుంది.

ఈ మధ్య కొందరు లేజర్ గన్ను చూపించి, కస్టమర్ ఫోన్లో ఉన్న క్యూఆర్ కోడ్ చదవడానికి డ్రైవర్ వేయమని అడుగుతున్నారు. లేజర్ గన్ను గీతల్నే చదవగలదు, క్యూఆర్ చదవలేదు, దానికి ఫొటో తీసినట్టు చదివే 2డీ ఇమేజర్ కొనాల్సిందే. డ్రైవర్ లేదండీ దానికి.