ఫ్లోరైడ్ ఊళ్ళతో మా కాలేజీ ఒప్పందం: నా అనుభవం

నేను ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ డిపార్ట్‌మెంట్‌లో పర్యావరణ ఇంజనీరింగ్ చెబుతాను. కాలేజీలు ఊళ్ళతో కలిసి పనిచేసే కేంద్ర పథకం ఉన్నత్ భారత్ అభియాన్ కింద మా కాలేజీ దత్తత తీసుకున్న ఊళ్ళ బాధ్యత నాదే. ఆ ఊళ్ళు పాత ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో, కనిగిరి వైపు ఉన్నాయి. తాగునీటిలో ఫ్లోరైడ్ సమస్య మీద మా కాలేజీ, పంచాయతీలు, గ్రామీణ నీటి సరఫరా శాఖ, ఒక డెంటల్ కాలేజీ కలిసి పనిచేసేలా ఒప్పందం కుదిరేసరికి దాదాపు ఏడాది పట్టింది. ఇలాంటి పని తలపెట్టే లెక్చరర్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ఉన్నత్ భారత్ అభియాన్‌ను కేంద్రం 2014లో మొదలుపెట్టింది, 2018లో రెండో దశ వచ్చింది. దేశం మొత్తానికి ఐఐటీ ఢిల్లీ సమన్వయం చేస్తుంది. చేరిన కాలేజీ కనీసం ఐదు ఊళ్ళను తీసుకోవాలి, ఇంటింటి సర్వే చేయాలి, ఊరికి ఏం కావాలో పంచాయతీతో కలిసి తేల్చాలి. రిజిస్ట్రేషన్, కలెక్టరేట్‌కు లేఖ, ఊళ్ళ జాబితా లాంటివన్నీ కాస్త ఓపిక పడితే అయిపోతాయి. అసలు పని ఆ తర్వాతే మొదలవుతుంది.

ఒంట్లోకి ఫ్లోరైడ్ ఎక్కువగా చేరి పళ్ళను, ఎముకలను దెబ్బతీసే ఫ్లోరోసిస్ మా ప్రాంతంలో కొత్త సంగతి కాదు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఈ జబ్బు ఉందని షార్ట్, ఆయన సహచరులు 1937లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాశారు. అది నెల్లూరు జిల్లా గురించే. అప్పట్లో కనిగిరి, పొదిలి, దర్శి ఆ జిల్లాలోనే ఉండేవి. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడినప్పుడు ఇటు వచ్చాయి. జబ్బును గుర్తించి తొంభై ఏళ్ళు కావస్తున్నా పిల్లల పళ్ళ మీద ఇంకా గోధుమరంగు చారలు కనిపిస్తున్నాయంటే, ఈ ఊళ్ళకు కావలసింది మరో పరిశోధన వ్యాసం కాదు. ఆ మాట మా ప్రాజెక్ట్ ప్రతిపాదన మొదటి పేజీలోనే రాశాను.

మొదటి అడ్డంకి కాలేజీలోనే ఎదురైంది. ఎంవోయూలకు, అంటే అవగాహన ఒప్పందాలకు, మా దగ్గర ఒక తయారు నమూనా ఉంది. పరస్పర సహకారం, జ్ఞాన మార్పిడి, మూడేళ్ళ గడువు, కింద రెండు సంతకాలు, శాలువాలతో ఒక ఫొటో. ఇలాంటివి చాలా కాలేజీల ఫైళ్ళలో కట్టలుగా ఉంటాయి. ఐక్యరాజ్యసమితి 2015లో ఆమోదించిన 17 సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో చివరిది భాగస్వామ్యాల గురించే. టైమ్స్ హయ్యర్ ఎడ్యుకేషన్ సంస్థ యూనివర్సిటీలకు ఇచ్చే ఇంపాక్ట్ ర్యాంకుల్లో మొత్తం ర్యాంకు రావాలంటే ఆ పదిహేడో లక్ష్యం మీద వివరాలు ఇచ్చి తీరాలి. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ళు కూడా ఒప్పందాల సంఖ్య అడుగుతారు, కానీ నడుస్తున్న ఒప్పందాలనే అడుగుతారు. ఆ ఒక్క షరతు పట్టుకునే నేను మా పైవాళ్ళను ఒప్పించాను. నమూనా పేజీని అలాగే ఉంచి, వెనక ఒక అనుబంధం చేర్చమన్నాను. ఏ పని ఎవరు చేస్తారు, ఎప్పటికల్లా చేస్తారు, డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది, సెమిస్టర్ అయిపోయాక ఎవరు చూస్తారు, ఇవన్నీ అందులో ఉండాలన్నాను. లీగల్ సెక్షన్ వాళ్ళు మొదట ఒప్పుకోలేదు. అంత వివరంగా రాస్తే రేపు మన మెడకే చుట్టుకుంటుందన్నారు. మాట నిలబెట్టుకోకపోతే మనల్ని అడిగే హక్కు ఊరికి ఉండాలి కదా అన్నది నా వాదన. చివరికి ప్రిన్సిపాల్ గారు సరేనన్నారు.

రెండోది నీటి సరఫరా శాఖ. అక్కడి అసిస్టెంట్ ఇంజనీర్ (ఏఈ) గారు మర్యాదగానే మాట్లాడారు కానీ ఆయన భయం ఆయనకుంది. "మీ ల్యాబ్‌లో ఒక అంకె, మా ల్యాబ్‌లో ఒక అంకె వస్తే పేపర్లో పడేది మేమే మేడం" అన్నారు. ఇందులో న్యాయం ఉంది. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఉండవచ్చు, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకుంటారు. 1.4 వచ్చిన బోరుకీ 1.6 వచ్చిన బోరుకీ తేడా కొన్నిసార్లు నీళ్ళలో కాకుండా కొలతలోనే ఉంటుంది. అందుకని ఒకే నమూనాను రెండు భాగాలు చేసి ఒకటి వాళ్ళకు, ఒకటి మాకు అని రాసుకున్నాం. అంకెలు కలవకపోతే మళ్ళీ పట్టి చూసేదాకా ఎవరూ బయట చెప్పకూడదు. నమూనా పట్టే పద్ధతి కూడా అనుబంధంలోకి ఎక్కింది. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది కాబట్టి ప్లాస్టిక్ సీసాయే వాడాలి. బోరు కాసేపు నడిపి పాత నీళ్ళు పోనివ్వాలి, సీసాను అవే నీళ్ళతో మూడుసార్లు కడగాలి, బోరు నంబరు, తేదీ అక్కడికక్కడే స్టిక్కర్ మీద రాయాలి. మొదటి విడత నమూనాలు పడుతున్నప్పుడు ఏఈ గారు స్వయంగా వచ్చి మా పిల్లలతో పాటు ఎండలో నిలబడ్డారు. ఆ రోజు నుంచి మా మధ్య ఉత్తరాలు తగ్గాయి, ఫోన్లు పెరిగాయి.

గ్రామసభ గురించి మాత్రం కాస్త వివరంగా చెప్పాలి. మేం చెప్పాలనుకున్నది చెప్పేలోపే వెనకనుంచి ఒక పెద్దాయన లేచారు. "పోయినేడు కూడా మీలాటి పిల్లకాయలే వచ్చి రాసుకోని పొయ్యారమ్మా. మళ్ళా అవుపడలా" అన్నారు. ఆయన అన్నది మా కాలేజీ గురించి కాదు, అయినా జవాబు చెప్పాల్సింది మేమే. ట్యాంకు కట్టిస్తామని, ప్లాంటు పెట్టిస్తామని నేను చెప్పలేదు, ఎందుకంటే అవి మా చేతిలో లేవు. పరీక్ష ఫలితం మొదట ఊరివాళ్ళకే చెబుతాం, తెలుగులో రాసి గ్రామ సచివాలయం గోడకు అంటిస్తాం, బోరు బోరుకీ అంకె ఇస్తాం అన్నాను. ప్రమాదం ఉన్న బోర్లకు ఎర్ర రంగు వేద్దామా అని అడిగితే మగవాళ్ళు సరేనన్నారు. ఆడవాళ్ళలో గుసగుసలు మొదలయ్యాయి. డ్వాక్రా సంఘం లీడర్ లేచి, రంగు వేసుకోండి గానీ ఊరి పేరు పేపర్లో మాత్రం రాకూడదని గట్టిగా చెప్పింది. ఫ్లోరైడ్ ఊరని తెలిస్తే పిల్లనిచ్చేవాళ్ళు వెనక్కి తగ్గుతారట. గ్రామసభ ఒప్పుకుంటే తప్ప ఊరి పేరు, ఇంటి పేరు ఏ రిపోర్టులోనూ రాయకూడదన్న నిబంధన అలా చేరింది. ఇక్కడ ఆ ఊళ్ళ పేర్లు రాయకపోవడానికి కారణం కూడా అదే. యూనివర్సిటీల్లో సమాచారం మీద హక్కులంటే పేటెంట్లు, పేపర్లే గుర్తొస్తాయి. ఊరికి దాని మీద ఉండే హక్కు ఇంతకంటే పెద్దదని నాకు అనిపిస్తుంది.

ఆ లీడరే ఇంకో మాట కూడా చెప్పింది. సర్వే ఫారంలో "తాగునీరు ఎక్కడి నుంచి?" అన్న ప్రశ్నకు దాదాపు ప్రతి ఇంట్లో క్యాన్ నీళ్ళనే జవాబు వస్తోంది. అది చూసి ఆమె, "తాగేది క్యానేనమ్మా. మరి అన్నం, పప్పు దేనితో వండుతున్నామో అడిగినారా?" అంది. ఇరవై లీటర్ల క్యాన్ కొని వంటకు కూడా అవే పోయడం ఏ ఇంటికైనా కష్టమే. వంటకు బోరు నీళ్ళే వాడతారు. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరయ్యే కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. బియ్యం, పప్పు ఆ నీటిని పీల్చుకుంటాయి. అంటే క్యాన్ కొంటున్న ఇంట్లో కూడా ఫ్లోరైడ్ కంచంలోకి వస్తూనే ఉంది. ఫారంలో వంట నీళ్ళకు వేరే ప్రశ్న పెట్టాం, స్కూల్లో మధ్యాహ్న భోజనం కూడా దేనితో వండుతున్నారో చూశాం. అక్కడా బోరు నీళ్ళే. డెంటల్ కాలేజీ వాళ్ళు పిల్లల పళ్ళు చూసింది ఆ స్కూల్లోనే. ఏ నీళ్ళతో వండుతున్నారో, పళ్ళు ఎలా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూపించాక హెడ్మాస్టర్ గారికి మేం ప్రత్యేకంగా నచ్చజెప్పాల్సిన పని లేకపోయింది.

చింతపండు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. చింతపండు తింటే మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతుందని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు స్కూలు పిల్లల మీద చేసిన అధ్యయనంలో తేలింది. నీళ్ళు మార్చకుండా చారు పోసుకుంటే చాలని ఎవరూ అనుకోకూడదని దీన్ని జాగ్రత్తగా చెప్పాం. అయినా ఊళ్ళో అందరికీ గుర్తున్నది ఈ సంగతే.

ఇక డబ్బు. స్కూలు వంటకు వాన నీటి ట్యాంకు పెట్టాలన్నది ఆలోచన. వాన నీళ్ళలో ఫ్లోరైడ్ ఉండదనే చెప్పొచ్చు. 100 చదరపు మీటర్ల డాబా మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 100 లీటర్లు, పోయేది పోగా అందులో ఎక్కువ భాగం పట్టుకోవచ్చు. అక్టోబరు, నవంబరు వానలు మా వైపు బాగానే ఆదుకుంటాయి. కానీ కాలేజీ నిధి పైపులకు, ఫిల్టర్‌కే సరిపోతుంది. ట్యాంకుకు దారి చూపించింది పంచాయతీ కార్యదర్శి. 2021-26 మధ్య పదిహేనో ఆర్థిక సంఘం పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం నీళ్ళకు, పారిశుధ్యానికే ఖర్చు పెట్టాల్సి ఉండేది, వాన నీటిని నిల్వ చేసే పని అందులోకి వచ్చేది. అయితే ఆ పని పంచాయతీ ఏటా తయారుచేసే గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలో ఉండాలి. ఆ ప్రణాళికల ప్రచారం అక్టోబరు 2న మొదలవుతుంది. మా ప్రాజెక్టులు తయారయ్యేది సెమిస్టర్ చివర్లో, అంటే నవంబరులో. యూనివర్సిటీ క్యాలెండర్‌కీ పంచాయతీ క్యాలెండర్‌కీ ఈ పొత్తు కుదరకే చాలా మంచి రిపోర్టులు వృథా అవుతున్నాయని నా నమ్మకం. మేం పిల్లల పనిని ముందుకు జరిపి సెప్టెంబరులోనే ఎస్టిమేట్ ఇచ్చాం. ట్యాంకు ప్రణాళికలోకి ఎక్కింది, కట్టారు కూడా. వాన నీళ్ళు ఉన్నన్నాళ్ళూ స్కూలు వంట వాటితోనే, అవి అయిపోయాక ఆర్వో నీళ్ళతో సాగుతోంది.

పిల్లల బ్యాచ్‌లు మారినా పని ఆగకుండా ఉండేందుకు రెండు ఏర్పాట్లు చేశాం. సమాజంతో కలిసి పనిచేసే రెండు క్రెడిట్ల కోర్సును యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్ (యూజీసీ) మార్గదర్శకాలు ఎలాగూ సూచిస్తున్నాయి, దాన్ని ఈ ఊళ్ళకే కట్టేశాం. ఇప్పుడు ప్రతి బ్యాచ్ వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అవే బోర్ల నీళ్ళు పడుతుంది. రెండోది రిజిస్టర్. అది మా ల్యాబ్‌లో కాకుండా సచివాలయంలో ఉంటుంది. ఇంటింటికీ కుళాయి నీళ్ళిచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద నీళ్ళు పరీక్షించే ఫీల్డ్ కిట్ వాడటం నేర్చుకున్న ఊరి ఆడవాళ్ళు మధ్యలో చేసిన పరీక్షలను కూడా అందులోనే రాస్తారు. అనుమానం వచ్చిన అంకె కింద గీత గీసి మాకు ఫొటో పంపుతారు.

ఇప్పుడు మా ముందున్నది ఆర్వో ప్లాంట్ల పని. మంచి నీళ్ళు క్యాన్‌లోకి పోగా మిగిలిన చిక్కటి ఫ్లోరైడ్ నీళ్ళను పక్కనున్న కాలవలోకి వదులుతున్నారు, అవి మళ్ళీ భూమిలోకే ఇంకుతున్నాయి. ప్లాంటు నడిపేవాళ్ళను కూడా ఒప్పందంలోకి తీసుకురావాలి. వాళ్ళు ఏం చేయాలో, దానికయ్యే ఖర్చు ఎవరు భరించాలో అనుబంధానికి కొత్త పేజీ రాస్తున్నాం. వచ్చే గ్రామసభలో చదివి వినిపిస్తాం.