రెండు గంటల పని, పన్నెండు చుట్టలు

మేడ మీద సోలార్ పలకలు బిగిస్తున్న చప్పుడు మధ్యాహ్నమంతా వినిపిస్తూనే ఉండగా, కింద గదిలో కూర్చుని బెంగాలీ రచయిత్రి బేగం రొకేయా ఇంగ్లీషులో రాసిన ‘సుల్తానాస్ డ్రీమ్’ అనే కథ చదివాను. అందులో ఒక ఊహాదేశపు మహిళా విశ్వవిద్యాలయం ఎండ వేడిమిని పట్టి నిలవచేసే సాధనాన్ని కనిపెడితే, ఆ దేశపు మగవారు దానిని వెక్కిరించి సైన్యాన్ని పెంచుకునే పనిలో మునిగిపోతారు. తీరా యుద్ధంలో ఓడి వారు పరదా చాటుకు చేరాక, విద్యార్థినులు ఆ ఎండనే శత్రువు మీదికి మళ్లించి తరిమివేస్తారు.

ఇది 1905లో అచ్చయిన కథ!

బడి ముఖం చూడని రొకేయా, డిప్యూటీ మేజిస్ట్రేటు అయిన భర్త పర్యటనకు వెళ్లినప్పుడు, పొద్దుపోక, తన ఇంగ్లీషు ఆయనకు చూపించాలని దీనిని రాశారు. తిరిగి వచ్చిన ఆయన కూర్చోకుండానే అంతా చదివి, ‘భయంకరమైన ప్రతీకారం’ అన్నారట. అది మెచ్చుకోలు మాటేనని నా నమ్మకం.

దీనిని ప్రచురించిన మద్రాసు పత్రిక ‘ఇండియన్ లేడీస్ మ్యాగజైన్’ సంపాదకురాలు కమలా సత్తియనాథన్ రాజమండ్రిలో పుట్టినవారు. మన సాహిత్య చరిత్రలలో ఈ సంగతి ఎందుకు పెద్దగా కనిపించదో!

కథలోని ఎగిరే బండ్ల కన్నా నాకు నచ్చినది అందులోని లెక్క. మగవారు పరదా చాటున ఉండగా స్త్రీలు ఆఫీసు పనిని రెండు గంటల్లో ఎలా ముగిస్తారని సుల్తానా అడిగితే, సారా అనే పాత్ర తాపీగా జవాబిస్తుంది: చుట్ట ఒకటి కాలడానికి అరగంట, మగవారు రోజుకు పన్నెండు కాలుస్తారు, అంటే ఆరు గంటలు పొగకే పోయాయి.