గాలికి దారి ఉందా?

ఫిబ్రవరిలో సెలవు పెట్టి గుంటూరు వచ్చానంటే, సామాను ఇంట్లో దించి నేను మొదట వెళ్ళేది కల్లానికే. పేరేచర్ల వైపు పొలాల్లో మిరపకాయలు నెరిపి ఉంటాయి. ఆ ఘాటుకు నాకు దగ్గు వస్తుంది, ఇంటికి చేరానని నమ్మకం కూడా కలుగుతుంది. ఈ ఏడు మా అన్నయ్య తేజ రకం వేశాడు. సాయంత్రం మంచు దిగకముందే కాయను కుప్పకు లాగి పట్టా కప్పాలి, పొద్దెక్కాక పట్టా తీసి మళ్ళీ పలచగా నెరపాలి. పట్టా తీయడం ఆలస్యమైతే లోపల చెమ్మ నిలిచి కాయ రంగు పోతుంది. అది తాలు కింద జమ. యార్డులో తాలుకు ఎంత ధర పలుకుతుందో ఏ రైతును అడిగినా చెబుతాడు. “ఎండ ఉంటే చాలదురా, గాలి ఆడాలి” అని నాన్న ఏటా అనేవారు.

న్యూజెర్సీలో ఆ మాటే నాకు అన్నం పెడుతోంది. 14 ఏళ్ళుగా అక్కడ ఇళ్ళలో వాషింగ్ మెషీన్లు, బట్టలు ఆరబెట్టే డ్రైయర్లు బాగుచేస్తున్నాను. వాటిలో గ్యాసుతో నడిచేవే ఎక్కువ.

“బట్టలు ఆరడానికి గ్యాసు కాల్చడం ఎందుకురా? మేడ మీద తీగ కట్టుకోకూడదా?” అని అమ్మ అడుగుతుంది. జనవరిలో అక్కడ తీగ మీద వేసిన చొక్కా అట్టముక్కలా బిగుసుకుపోతుంది. చాలా కాలనీల్లో బయట తీగ కట్టనివ్వరు కూడా. అందుకే ఆ యంత్రం ఆగిన రోజున పిల్లలున్న ఇల్లు అల్లాడిపోతుంది.

అమ్మకు దాన్ని కల్లం లెక్కన చెప్పాను. బట్టలున్న పీపాను ఒక మోటారు తిప్పుతుంది. అదే మోటారు ఒక ఫ్యానును కూడా తిప్పుతుంది. ఆ ఫ్యాను గదిలోని గాలిని లోపలికి లాగుతుంది. గాలి అడుగునున్న మంట మీదుగా వేడెక్కి, బట్టల మధ్య తిరిగి, చెమ్మను మోసుకుంటూ, బట్టల నూగును పట్టే జల్లెడ దాటి, 4 అంగుళాల గొట్టం గుండా ఇంటి బయటికి పోతుంది. వేడిని అక్కడ బీటీయూల్లో కొలుస్తారు, ఈ మంట గంటకు 20,000 నుంచి 22,000 బీటీయూలు ఇస్తుంది. మన వంటింటి పెద్ద పొయ్యికి ఇది రెండింతలకు పైనే. అంత వేడి ఉన్నా గాలి బయటికి పోకపోతే లోపల ఆవిరి ఉక్కపోత తప్ప ఏమీ మిగలదు. “పట్టా కప్పిన కుప్పలాగా” అంది అమ్మ. అంతే.

పోయిన జనవరిలో ఒక తెలుగు ఇంటికి వెళ్ళాను. కూతురి పురిటికి తెనాలి నుంచి వచ్చిన పెద్దావిడ తలుపు తీశారు. సోఫా మీద, కుర్చీల మీద, మెట్ల కమ్మీ మీద పసిపాప బట్టలు పరిచి ఉన్నాయి. “బాబూ, ఇద్దరు వచ్చి చూసి వెళ్ళారు. ఏదో మారుస్తారు, వారం నడుస్తుంది, మళ్ళీ చల్లగాలే” అన్నారు. మొదటి మనిషి ఇగ్నైటర్, అంటే గ్యాసును అంటించే భాగం, మార్చాడు. రెండో మనిషి థర్మల్ ఫ్యూజ్, అంటే వేడి మితిమీరితే తాను పోయి కరెంటు ఆపేది, మార్చాడు. డబ్బు ఇద్దరూ తీసుకున్నారు. ఎందుకు కాలిపోయిందని ఇద్దరిలో ఒక్కరూ అడగలేదు. దీనికి నాకు నిజంగా కోపం వస్తుంది.

ప్లగ్గు తీసి, మీటరు పెట్టి చూస్తే ఆ కొత్త ఫ్యూజ్ కూడా పోయి ఉంది. కొన్ని రకాల్లో అది పోతే మోటారే తిరగదు. ఈ రకంలో మోటారు తిరుగుతుంది, మంట మాత్రం రాదు. వేరే ఫ్యూజ్ వేసి, కింది రేకు విప్పి, లైటు ఆర్పేసి నేల మీద బోర్లా పడుకున్నాను. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన క్షణాలు ఇవే. స్విచ్చు నొక్కగానే ఇగ్నైటర్ మెల్లగా ఎరుపెక్కి, ఎరుపు పసుపై, కళ్ళు చెదిరే తెలుపవుతుంది. పక్కనున్న సెన్సర్ ఆ వేడికి తన లోపలి కాంటాక్టులను విడదీస్తుంది. టిక్కుమని చిన్న చప్పుడు. గ్యాసు వాల్వు తెరుచుకుని భుగ్గుమంటూ నీలిమంట. నిమిషం కూడా పట్టదు, కానీ రోగం ఎక్కడుందో ఆ కాసేపట్లోనే తేలిపోతుంది.

ఇగ్నైటర్ అసలు వెలగకపోతే అది పగిలిందో, ఫ్యూజ్ పోయిందో చూడాలి. చల్లగా ఉన్నప్పుడు బాగున్న ఇగ్నైటర్ మీటరులో 50 నుంచి 400 ఓముల మధ్య చూపిస్తుంది. వెలుగుతూనే ఉండిపోయి మంట రాకపోతే సెన్సర్ మీద అనుమానం. వెలిగి, ఆరి, మంట రాకపోతే వాల్వును తెరిచే కాయిల్స్, అంటే తీగ చుట్టల మీద అనుమానం. వీటి తీరు చిత్రమైనది. మొదటి విడత బట్టలు చక్కగా ఆరతాయి, రెండో విడత తడిగానే ఉంటాయి. చల్లగా ఉన్నప్పుడు మీటరు బాగుందనే చెబుతుంది, వేడెక్కాక లోపలి చుట్ట తెగినట్టు అయిపోతుంది. అందుకే కాయిల్‌ను వేడి మీద పరీక్షించాలి. కొత్తలో ఇది తెలియక ఒకే ఇంటికి మూడుసార్లు తిరిగాను.

ఈ ఇంట్లో మంట బాగానే వచ్చింది. కాసేపటికే ఆరింది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ ఆరింది. వేడి హద్దు దాటుతోందని థర్మోస్టాట్ ఆపేస్తోంది. లేచి కోటు తొడుక్కున్నాను. నాకు పని నేర్పిన పెద్దాయన, యంత్రం విప్పే ముందే బయటికి వెళ్ళి చూడమనేవారు. ఆ రోజు ఆ వరుస తప్పాను. మోకాలి లోతు మంచులో ఇల్లు చుట్టి వెళ్ళి గొట్టం మూతి దగ్గర చెయ్యి పెడితే, ముక్కుతో వదిలే ఊపిరి పాటి గాలి. పిచ్చుకలు గూడు పెడుతున్నాయని అల్లుడుగారు ఇనుప జాలీ బిగించారు. జాలీకి అడ్డంగా బట్టల నూగు పేరుకుని బూడిదరంగు దుప్పటి ముక్కలా తయారైంది. వేలితో లాగితే ఊడి రాలేదు, కత్తితో కోయవలసి వచ్చింది.

గొట్టం మొత్తం బ్రష్షుతో తోడితే చెత్తబుట్ట నిండింది. పెద్దావిడ ఆ నూగును చేత్తో నొక్కి చూసి, “వత్తులు చేసుకోవచ్చు బాబూ” అన్నారు. ఆమె అన్నది అక్షరాలా నిజం, అది వత్తిలాగే అంటుకుంటుంది. అమెరికా అగ్నిమాపక శాఖ లెక్కల ప్రకారం 2008–2010 మధ్య ఇళ్ళలో డ్రైయర్ల వల్ల ఏడాదికి సుమారు 2,900 అగ్నిప్రమాదాలు జరిగాయి. కారణాల్లో మొదటిది శుభ్రం చేయకపోవడమే. ఫ్యూజ్ మాటిమాటికీ పోతోందని దాన్ని తీసేసి వైరు కలిపేసిన ఇళ్ళు కూడా చూశాను. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి, ఎవరితోనూ చేయించుకోకండి.

ఆవిడకు చేతనైన పని ఒకటి చూపించాను. జల్లెడ తీసి కుళాయి కింద పట్టమన్నాను. నీళ్ళు కిందికి జారకుండా తామరాకు మీదలా నిలిచాయి. బట్టలతో పాటు వేసే సువాసన కాగితాల జిడ్డు అది. కంటికి జల్లెడ శుభ్రంగానే కనిపిస్తుంది, గాలి మాత్రం దూరదు. సబ్బు, పాత పళ్ళ బ్రష్షు చాలు.

గ్యాసు వాసన విషయం కూడా చెప్పాను. మన ఇళ్ళలో సిలిండరు గ్యాసు బరువైనది, నేల మీద పరుచుకుంటుంది. అక్కడ పైపులో వచ్చేది తేలిక, పైకి లేస్తుంది. రెంటికీ వాసన కలిపేది మనం పసిగట్టడానికే. వాసన వస్తే స్విచ్చు ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్ళి, అక్కడి నుంచే గ్యాసు వాళ్ళకు ఫోను చేయాలి. పని ముగించాక కీలు దగ్గర నేను సబ్బునురగ పూసి బుడగలు వస్తాయేమోనని చూస్తుంటే, “మా ఊళ్ళో సిలిండరు అబ్బాయీ ఇలాగే చూస్తాడు” అన్నారావిడ. ఆ పూట నాకు కాఫీతో పాటు చేగోడీలు కూడా దొరికాయి.

నిన్న పొద్దున ఏడింటికి కల్లంలో అన్నయ్యతో కలిసి పట్టా లాగుతుంటే ఫోను మోగింది. అక్కడ రాత్రి ఎనిమిదిన్నర. మా పక్క వీధిలో ఉండే నరసరావుపేట అబ్బాయి.

“అన్నయ్యా, డ్రైయర్ తిరుగుతోంది కానీ బట్టలు ఆరడం లేదు. అద్దాలకు ఆవిరి పడుతోంది.”

“ముందు యంత్రం ఆపు. కిటికీ తెరువు. మంట పొగ ఇంట్లోకే వస్తోందేమో, ఎవరికైనా తలనొప్పిగా ఉందా?”

“లేదు అన్నయ్యా.”

“మంచు పడుతోందా అక్కడ?”

“మధ్యాహ్నం నుంచి.”

“టార్చి తీసుకుని గొట్టం మూతి దగ్గరికి వెళ్ళు.”

చెప్పుల చప్పుడు, తలుపు చప్పుడు, గాలి హోరు వినిపించాయి. మూతి కనిపించడం లేదని, గోడ వారగా మంచు గుట్ట ఉందని అన్నాడు. పారతో తీయమన్నాను. అన్నయ్య పట్టా కొస పట్టుకుని నావైపే చూస్తున్నాడు. పది నిమిషాల తరువాత యంత్రం మళ్ళీ వేయించి, ఫోను ఆ మూతి దగ్గర పెట్టమన్నాను. మూతికున్న రేకు గాలికి టపటపా కొట్టుకుంటున్న చప్పుడు కల్లం దాకా వినిపించింది.